గుడ్డ తెల్లగా వచ్చేదాకా

ఆదివారం ప్రార్థన అయి, ఉప్పుచేప ఉడికించిన గిన్నె
తోమి బోర్లించగానే
వంటింటి బల్ల నాది కాకుండా పోతుంది.
దాని మీద పాత వార్తాపత్రిక,
పత్రిక మీద మూడు ముక్కలుగా తుపాకీ,
పక్కన కడ్డీ, ఇత్తడి తీగల బ్రష్షు,
నా ఫ్లానెల్ గౌను చింపిన పీలికలు.
సీసా మూత తియ్యగానే
గది నిండా మగ్గిన అరటిపళ్ళ వాసన.
పండన్నది వారానికోసారి ఫెర్రీ ఎక్కి వచ్చే ఈ దీవిలో
మా పిల్లలకి ఆ వాసన ముందు తెలిసింది,
అరటిపండు తర్వాత.

"ఎంతసేపు?" అని అడిగేదాన్ని కొత్తలో.
"గుడ్డ తెల్లగా వచ్చేదాకా."
లియాండర్ మాటలు అంతే,
కొలిచి పోసిన మందుగుండు.

ఒక ఏడు పంతం పట్టి లెక్క రాశాను,
పిండి డబ్బా పక్కన వేలాడే క్యాలెండర్ మీద.
పేల్చినవి పదకొండు తూటాలు.
ఇంటికొచ్చినవి ఎనిమిది టర్ పక్షులు.
తుడిచిన గంటలు డెబ్బై ఎనిమిది.
ఒక్కో తూటాకీ ఏడు గంటల పైచిలుకు!
చదివి వినిపిస్తే నవ్వలేదు, కోప్పడలేదు.
"ఉప్పుకి సెలవుల్లేవు" అన్నాడు.

నిజమే, ఇక్కడ గాలికి నాలుకుంది.
తలుపు బందుల్ని నాకుతుంది,
కుట్టుమిషన్ సూదిని నాకుతుంది,
రాత్రి పడుకుంటే కనురెప్పల్ని కూడా.
అయినా పక్కింటి హెజెకాయా తుపాకీ
ఏడాది పొడుగునా పడవ అడుగునే, తడి వలల కింద,
బెల్లం పాకంలో ముంచి తీసినట్టు తుప్పు.
ఆ చలికాలం అతను మాకన్నా నాలుగు పక్షులు ఎక్కువే తెచ్చాడు.
ఆ మాట నేను పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది.
ఆ వారం మా తుపాకీకి రెండు స్నానాలు.

ఎప్పుడు పసిగట్టానో గుర్తులేదు గానీ
చేతులు ఖాళీగా లేనప్పుడే అతని చెవులు తెరుచుకుంటాయి.
అప్పటినుంచీ చెప్పాల్సినవన్నీ ఆదివారానికి దాచుకున్నాను.
కొట్లో బాకీ సంగతి,
మా సెలీనా బడి మానేస్తానన్న సంగతి,
అతని అక్కతో నేనాడిన పోట్లాట.
అన్నీ అతని మొహంతో కాదు, ఆ గొట్టంతోనే చెప్పాను.

ఒక మార్చి నెల, కిటికీ అవతల మంచుగడ్డలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతుంటే,
బంగాళాదుంప తొక్క తీస్తూ తీస్తూ
రొమ్ములో గడ్డ తగిలిందని చెప్పాను.
కడ్డీ గొట్టం మధ్యలో ఆగింది.
రేడియోలో వాతావరణం మనిషి
గాలివేగం మొత్తం చదివి ముగించాడు.
కడ్డీ మళ్ళీ కదిలింది.
"రేపు మొదటి ఫెర్రీకి" అన్నాడు.
ఆ రోజు గుడ్డ ఎంత నల్లగా వచ్చిందో
ఇద్దరం చూడలేదు.

గడ్డ పోయింది. నేనున్నాను.
ఇప్పుడు అతని కళ్ళకి శుక్లాలు.
మూడు చలికాలాలుగా తుపాకీ పేలలేదు,
పడవ హెజెకాయా మనవడి పాలైంది.
అయినా ఆదివారం బల్ల నాది కాదు.
వేళ్ళతోనే మరలు వెతుక్కుంటాడు,
వాసన చూసి నూనె పోస్తాడు.
చివర్లో గొట్టాన్ని నా చేతికిచ్చి
కిటికీ వైపు తిప్పి చూడమంటాడు.

చూస్తాను.
ఒకదానిలో ఒకటి ఒదిగిన వెలుగు కంకణాలు,
ఆ కొసన చొక్కా గుండీ అంత సముద్రం.
మచ్చ లేదు.
పీలిక గోధుమపిండిలా ఉంది.

"తెల్లగా వచ్చిందా?" అంటాడు.

ఈ ఆదివారం చెప్పాల్సింది
ఇంకా మొదలే పెట్టలేదు నేను.

"ఎక్కడ, ఇంకా లేదు" అంటాను,
అంటూనే గౌను అంచు పట్టుకుని
మరో పీలిక చింపుతాను.